సాంబ్రాణి పొగ, పెరటి తేనె

మొన్న మా మనవరాలికి కొడుకు పుడితే, చూసిపోదామని హిందూపురం నుంచి మా మేనత్త కొడుకు వచ్చాడు. వాడికి తలంతా నెరిసింది, మోకాళ్ళు నొప్పులంటాడు, అయినా నా కంటికి ఇంకా చిన్నపిల్లవాడే. వాడికి నేను వదినను. కూర్చున్నాడో లేదో సంచిలోంచి తేనె సీసా తీసి, "ఏదీ, పిల్లోని నాలికకు ఇంత తాకిద్దాం" అని మూత తిప్పబోయాడు. మనవరాలు చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు తాతా. ఏడాది నిండేదాకా బిడ్డకు తేనె పెట్టగూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది."

వాడు నా వైపు తిరిగాడు. "ఏం వదినా, నాకు నాకించినప్పుడు మీరు యా డాక్టరమ్మను అడిగినారు?"

ఇంట్లో అందరూ నవ్వారు. నేను వాళ్ళకంటే ఎక్కువ నవ్వాను. వాడికి నాకించిన ఆ తేనె వెనక ఎంత రామాయణం జరిగిందో చెప్పడానికి ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. వాడూ అక్కడే ఉన్నాడు గానీ వాడికేం తెలుస్తుంది, అప్పటికి పుట్టి గంట కూడా కాలేదు.

మాది ధర్మవరంలో నేతగాళ్ళ వీధి. ఇంట్లో అడుగు పెడితే మొదటి గదిలోనే మగ్గం. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని మా నాయన, పక్కన రాట్నం తిప్పుతూ అమ్మ, గడప అవతల ఎండకు వీపు పెట్టి అవ్వ. అవ్వంటే మా నాయన తల్లి. పట్టు ఉడకబెట్టిన సోడా నీళ్ళ వాసన, రంగుల వాసన, ఆరీ ఆరని నూలు వాసన, అన్నిటి మీదా అవ్వ నమిలే వక్కాకు వాసన. నా చిన్నతనం ఈ వాసనల్లోనే గడిచింది. వాటికి తోడు తేనె వాసన కూడా వచ్చి చేరుతుందని ఎవరమూ అనుకోలేదు.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. మా అత్తను హిందూపురంలో ఇచ్చారు. నాయన ఒకసారి చెల్లెల్ని చూడటానికి పోయి, వాళ్ళ పక్కింట్లో ఉండే బడి అయ్యవారు పెరట్లో చెక్కపెట్టె పెట్టి తేనెటీగల్ని పెంచడం చూశాడు. అయ్యవారు పెట్టె మూత తీసి, లోపల వేలాడే చట్రాలు ఒక్కొక్కటీ పైకెత్తి చూపించాడట. ఒక్క ఈగా కుట్టలేదట. అంతే, మా నాయనకు పిచ్చి పట్టింది. సంగటి ముద్ద మింగుతూ అదే మాట, మగ్గం మీద కూర్చున్నా అదే మాట.

"చట్రానికీ చట్రానికీ మధ్య సందు సూడల్లమే నువ్వు! మన మగ్గం అచ్చు పండ్ల మాదిరి ఉండాది. ఒక్క పోగు అటూ ఇటూ లేదు. ఆ ఈగలు గూడా మన నేతోళ్ళేనే" అనేవాడు అమ్మతో.

"ముందు మనం నేసిండేవి అమ్ముడుబోనీ" అనేది అమ్మ. అమ్మ మాట్లాడేదే తక్కువ. మాట్లాడితే అలా ఒక్క ముక్కలో తేల్చేసేది.

అసలు గొడవ అవ్వతో. మా వైపు తేనెపట్టు ఇంట్లో పెడితే మంచిది కాదంటారు. శాంతి చేయించేవాళ్ళు, కొన్నాళ్ళు ఇల్లు విడిచి పోయేవాళ్ళు కూడా ఉండేవారు. అలాంటిది కన్నకొడుకే పెట్టె చేయించి ఈగల్ని పిలుచుకొస్తానంటే అవ్వ ఊరుకుంటుందా?

"జనాలు తేనెపట్టుకు జడిసి ఇల్లిడిసి పోతారు. నువ్వు పీట ఏసి పిలుస్తానంటావు. నీకు బుద్ధి యాడ పోయిందిరా?"

"వాటంతట అవి వస్తే గదమ్మా దోషం. మనం పిలిస్తే అవి సుట్టాలు."

"సుట్టాలు సూదులు పట్టుకోని వస్తారా?"

అవ్వ భయానికి ఒక కారణం ఉంది. మా అత్తకు పెళ్ళయి చాలా ఏళ్ళయినా కడుపు పండలేదు. అవ్వ మొక్కని దేవుడు లేడు. పిల్లి ఎదురొచ్చినా, పాలు పొంగి పొయ్యిలో పడినా అవ్వకు ముందు కూతురే గుర్తొచ్చేది. అలాంటప్పుడు అత్తకు మూడో నెల అని హిందూపురం నుంచి కబురొచ్చింది. ఆ పూట అవ్వ వీధంతా బెల్లం పంచింది. నాయన అదను చూసి మాట కదిపాడు.

"అమ్మా, పుట్టే బిడ్డకు నాకించేదానికి తేనె యాడ తెస్తావు? పోయినసారి గంపలో తెచ్చినామె దగ్గర తీసుకుంటివే, అట్లాంటిదా?"

అది అవ్వకు తగలాల్సిన చోట తగిలింది. పోయినసారి కొన్నది తేనె కాదు, బెల్లం పాకం. కుక్క తేనె ముట్టదని అవ్వ నమ్మకం, అందుకని పరీక్షకు వీధి కుక్కకు కొంచెం పెట్టింది. ఆ కుక్క గిన్నెతో సహా నాకేసి, తర్వాత కొన్నాళ్ళు మా గడప వదల్లేదు. అవ్వ వక్కాకు బుగ్గకు తోసి అంది: "నీ ఇష్టం. ఆ పెట్టె మాత్రం నా మంచానికి దూరంగా పెట్టు. మొదటి తేనె మాత్రం బిడ్డకే. అంతవరకు ఎవురూ నోట్లో ఏలు పెట్టగూడదు."

పెట్టె చేయించడంలో కూడా నాయన నేతగాడే. అయ్యవారి పెట్టెను కొలబద్దతో కాదు, పట్టుదారంతో కొలుచుకొని వచ్చాడు. పొడవుకొక ముడి, వెడల్పుకొక ముడి, చట్రాల సందుకొక ముడి. ఆ ముడుల దారం ముందు పెట్టుకుని మా మగ్గాలు చేసే వడ్రంగి పెట్టె కొట్టాడు. ఇంక కావలసింది ఈగలే.

వాటి కోసం పెనుకొండ పోయాం. పెనుకొండ అమ్మ పుట్టిల్లు. కొండ కింద తాత చేను, చేను గట్టున కూలిపోయిన రాతి గోడ ఒకటి ఉండేది. ఆ గోడ బొరియలో తేనెటీగలున్నాయని తాత చెప్పి పంపాడు. చింతచెట్లు పూతమీదున్న రోజులు. చెట్టు కింద నిలబడితే పుల్లటి తియ్యటి వాసన, పైన ఒకటే జుమ్ము. రాలిన పూత ఏరి నోట్లో వేసుకుంటే నాలుక గరగరలాడేది.

మా తాత తేనె తీసేది పాత పద్ధతిలో. కాగడా వెలిగించడం, ఈగల్ని తరమడం, పట్టు కోసుకోవడం, అక్కడే కూర్చుని తినడం. అల్లుడు చేసే పని చూసి ఆయనకు నవ్వాగలేదు.

"కోసుకోని తినేది ఇడిసి, ఈగల్ని పెండ్లికూతురి మాదిరి ఇంటికి పిల్సకపోతాండావేమప్పా! సారె గూడా పెట్టమంటావా?"

నాయన అమ్మ పాత వాయిలు చీర తలకూ మొహానికీ చుట్టుకున్నాడు. గోడలో రెండు రాళ్ళు కదిలించి, కొబ్బరి పీచు అంటించి కొంచెం పొగ పట్టాడు. "కొంచెం సాలు. ఘాటు వాసన తగిలితే ఇవి ఉండవని అయ్యవారు మరీ మరీ చెప్పినాడు" అంటూ పట్టును ఒక్కొక్క రెక్కగా కోసి చట్రాలకు కట్టాడు. అందరూ అరటినారతో కడతారట. మా నాయన పట్టుదారంతో, తెగిన పోగు అతికే ముడి వేసి కట్టాడు. తర్వాత అవ్వకు తెలిసి, "ఈగలకు పట్టు, మనకు నూలా!" అని సాధించింది.

కష్టమంతా రాణి ఈగ దగ్గర వచ్చింది. అది పెట్టెలోకి చేరితేనే మిగతావి చేరతాయి. లేకపోతే ఎన్నిటిని పట్టి లోపల వేసినా తిరిగి గోడలోకే. నాయన వెతికాడు, తాత వెతికాడు. ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి, పొగకు. నన్ను దూరంగా నిలబెట్టారు గానీ నేను నిలబడితే కదా. గొంగడి ముసుగేసుకుని వెనకాలే చేరాను. రాతి పగులులో, గుంపుకు పక్కగా, నల్లగా పొడుగ్గా ఒకటి పోతోంది. దాని చుట్టూ మిగతావి దాని వైపే మొహం తిప్పి దారి ఇస్తున్నాయి.

"నాయనా, అదిగో, ఆడ! పొడుగ్గా ఉండాది!"

నాయన దాన్ని దోసిట్లోకి తీసుకున్న తీరు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. పెట్టెలో వదిలి పక్కకు జరిగాడు. కాసేపటికి గోడమీది ఈగలన్నీ బారులు తీరి పెట్టె వాకిట్లోంచి లోపలికి నడిచాయి. తాత నవ్వు మానేశాడు. "బిడ్డ సూసిందప్పా, మనకు గనపడలా" అని నా తల నిమిరాడు.

పొద్దు వాలినాక పెట్టె వాకిలికి తడిగుడ్డ కుక్కి ధర్మవరం రైలెక్కాం. పెట్టె నాయన ఒళ్ళో, నా చెవి పెట్టెకు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన, "ఏముండాది పాపా దాంట్లో?" అన్నాడు. "పాటల పెట్టె" అన్నాను. ఆయన చెవి ఆనించి విని, "శ్రుతి మాత్రమే వస్తాండాది, పాట యాడ?" అన్నాడు. "పాట ధర్మవరంలో వస్తాది" అన్నాను. నాయన మొహం కిటికీ వైపు తిప్పుకుని నవ్వు ఆపుకున్నాడు.

మా పెరట్లో ఒక మునగచెట్టు, కరివేపాకు చెట్టు, అమ్మ వేసిన గుమ్మడి పాదు. మునగచెట్టు కింద నాలుగు కాళ్ళ బల్ల మీద పెట్టె. చీమలు ఎక్కకుండా బల్ల కాళ్ళు నీళ్ళ మూకుళ్ళలో. ఆ మూకుళ్ళు నింపే పని నాది. మా వీధి పిల్లలకు ఆ పెట్టె పెద్ద వింత. పిడికెడు బొరుగులు ఇచ్చినవాళ్ళను పెట్టెకు చెవి ఆనించి విననిచ్చేదాన్ని. ఒకరోజు వాళ్ళల్లో ఒక పిల్ల, "ఏమీ వినపల్లేదు, నా బొరుగులు నాకియ్యి" అని పేచీ పెట్టింది. గట్టిగా వినిపిద్దామని పెట్టెమీద రెండు దెబ్బలు వేశాను. వినిపించడం కాదు, బయటికే వచ్చాయి. నా చెవి వాచి చేటంత అయింది. అవ్వ తన వక్కాకు సంచిలోంచి సున్నం తీసి రాస్తూ, "సుట్టాలింటికొస్తే వాకిలి కొడతారటే?" అని తిట్టింది. అప్పుడే నాకు అర్థమైంది, అవ్వ కూడా వాటిని చుట్టాలంటోందని.

కానీ అవ్వ పూర్తిగా ఈగల పక్షం చేరింది పక్కింటి పెద్దనాయన వల్ల. ఆయన మాకు దాయాది, అవ్వను చిన్నమ్మా అని పిలిచేవాడు. మా పెరటికీ వాళ్ళ పెరటికీ మధ్య మట్టిగోడ. ఆయన ఒక పెళ్ళి చీరకు తెల్లపట్టు పడుగు వీధిలో చాపాడు. పడుగు పోగులు మామూలుగా తెల్లవారుతూనే చాపి, ఎండ ఎక్కకముందే చుట్టేస్తారు. ఆ రోజు ఏదో ఆలస్యమై ఎండ ఎక్కింది. చూస్తే తెల్ల పట్టు మీద ఆవగింజలంత పచ్చ మరకలు. ముందు పిల్లలు పసుపు చల్లారనుకున్నారు. తర్వాత తల పైకెత్తి చూస్తే, మా పెరట్లోంచి బయలుదేరిన ఈగలు సరిగ్గా పడుగు మీదుగా పోతూ, పోతూ పోతూ పని కానిస్తున్నాయి.

పెద్దనాయన మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. "పెండ్లి చీర చిన్నమ్మా ఇది! మీ ఈగలు దీని మీద ఏం జేసినాయో సూడు. ఆ పెట్టె ఈడ్నించి తీసేయల్ల!"

నాయన తల వంచుకున్నాడు. తప్పు మనదేనని చెప్పబోయాడు కూడా. ఇంతలో అవ్వ లేచింది. పెట్టె వద్దని నెలల తరబడి సాధించిన మనిషి, పరాయివాళ్ళు అనేసరికి కొంగు బిగించింది.

"ఏమప్పా, పెండ్లి చీరకు ఎట్లాగూ పసుపు పెట్టేదే గదా! మా ఈగలు ముందే పెట్టినాయి. శుభం గాదా?"

వీధి అంతా గొల్లుమంది. పెద్దనాయన ఒక్కడు నవ్వలేదు. వచ్చినవాడు వచ్చినట్లే పోయి, ఆ రోజు నుంచి అవ్వతో మాట్లాడటం మానేశాడు. పడుగు చాపే రోజుల్లో, చుట్టేసేదాకా పెట్టె వాకిలికి తడిగుడ్డ అడ్డం పెట్టే ఒప్పందం నాయన చేసుకున్నాడు. మాటలు మాత్రం మళ్ళీ కలవలేదు.

ఏడో నెలలో అత్త పురిటికి వచ్చింది. అత్త మాటల్లో సగం కన్నడం. "అమ్మా, ఈ జేను ఎప్పుడు తీస్తారు?" అని రోజూ అడిగేది. నాయన ఒకరోజు చట్రం పైకెత్తి చూపించాడు. పైభాగమంతా తెల్లటి మైనపు మూతలు. లోపల తేనె. ఆ వాసనకు మా అందరికీ నోరూరింది. తీద్దామన్నాడు నాయన.

"తొందరేముండాది? దసరా వస్తాండాది. మగ్గానికి పూజ చేసే పొద్దే దీనికీ చేసి, అప్పుడు తీద్దాం. పూజ గాకుండా మొదటి పంట ఎవురన్నా ముడతారా?" అంది అవ్వ.

ఆయుధపూజ రోజు మా వీధిలో మగ్గాల చప్పుడు ఉండదు. మగ్గం కడిగి, అచ్చుకూ, పేక పోగు నడిపే నాడెకూ బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి, గుమ్మడికాయ కొడతారు. ఇంటింటా ఓళిగల, అంటే బొబ్బట్ల, వాసన. నాయన గుంతలో దిగి మగ్గం తుడుస్తున్నాడు. అవ్వ నన్ను పిలిచి పళ్ళెం చేతికిచ్చింది. ఇద్దరం పెరట్లోకి పోయాం. అవ్వ పెట్టెకు నాలుగు వైపులా పసుపు పూసింది. ఈగలు దిగే చిన్న పలకను గడపలా పసుపుతో మెత్తింది. దాని మీద నేను బియ్యప్పిండితో ముగ్గు వేశాను. మామిడాకు తోరణం కట్టాం. కర్పూరం వెలిగించాం. ఇవన్నీ చాలవన్నట్లు అవ్వ నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి పోసి, ధూపం గిన్నె సరిగ్గా ఈగల వాకిలి ముందు పెట్టి, పొగ లోపలికి పోయేలా విసనకర్రతో విసిరింది. మనసారా విసిరింది.

"తల్లీ, నా కూతురి కడుపు సల్లగా కాయండి" అని దండం పెట్టుకుంది. ఈగలు పిండి ముగ్గులో తెల్లకాళ్ళతో అటూ ఇటూ పరుగెత్తాయి. నాకు అది సంబరంగా కనిపించింది.

వాసన తగిలి నాయన పరుగెత్తుకొచ్చాడు. అవ్వ కళ్ళు మూసుకుని ఉంది. నాయన నోరు తెరిచి, ఆమె మొహం చూసి, మళ్ళీ మూసుకున్నాడు. పండగపూట, తల్లి దండం పెడుతుంటే ఏ కొడుకు వద్దంటాడు?

మర్నాడు ఎండెక్కే వేళ పెరట్లో పెద్ద హోరు. పెట్టె వాకిట్లోంచి ఈగలు నీళ్ళు కారినట్లు బయటికి వస్తున్నాయి. పైకి లేచి, మునగచెట్టు చుట్టూ ఒక సుడి తిరిగి, గోడ దాటి పోయాయి. నాయన మూత తీసి చూశాడు. ఒక్క ఈగ లేదు. ఒక్క చుక్క తేనె లేదు. పోయేటప్పుడు కడుపునిండా తాగిపోతాయట. పట్టుదారంతో కట్టిన తేనెపట్టు రెక్కలు బోసిగా వేలాడుతున్నాయి.

అమ్మ చూసి, ఉన్నమాట అనేసింది. "పొమ్మనలేక పొగబెట్టినట్ల అయ్యిందే."

అని వెంటనే నాలుక కరుచుకుంది. కానీ అవ్వ విన్నది. మంచం మీద కూర్చుండిపోయింది. ఓళిగ ముట్టలేదు, వక్కాకు కూడా వేసుకోలేదు. "ఇంటికొచ్చిన లక్ష్మిని నేనే పొగబెట్టి తరిమితిని. కడుపుతో ఉండే బిడ్డ ఇంట్లో ఉండంగా" అని అదే మాట. అత్త పక్కన కూర్చుని, "బిడ్డకు బెల్లం నీళ్ళే నాకిద్దాం లేమ్మా, ఏమాయ" అంటే, అవ్వ కళ్ళు ఇంకా ఎక్కువ నిండాయి. అవ్వ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాకు చాలా బాధేసింది. ముగ్గు వేసింది నేనే కదా.

అప్పుడు గోడ అవతలి నుంచి పెద్దనాయన గొంతు వినిపించింది. మాతో మాటల్లేవు కాబట్టి ఆయన తన బర్రెతో మాట్లాడుతున్నాడు.

"సూడే, ఎవురి ఈగలో మన దానిమ్మ చెట్టుకు యాలాడతాండాయి. ఎవురివో వాళ్ళు వచ్చి తీసకపోతే బాగుంటాది."

నాయన గోడ ఎక్కబోయాడు. "నువ్వు గాదప్పా. పెద్దామెను రమ్మను" అన్నాడు పెద్దనాయన, ఈసారి బర్రెను వదిలి.

మేమంతా అవ్వ వైపు చూశాం. అవ్వ ఎవరి గడపకూ పోయి అడిగే మనిషి కాదు. చివరికి అత్త కడుపు వైపు ఒకసారి చూసి లేచింది. కొంగు సర్దుకుని, నా చెయ్యి పట్టుకుని పక్కింటికి నడిచింది. దానిమ్మ కొమ్మకు ఈగల గుత్తి, పండిన పనసకాయంత, మెల్లగా ఊగుతోంది. పెద్దనాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మా ఈగలు నీ పడుగు చెరిపింది నిజమే నాయనా" అంది అవ్వ. "ఆ పొద్దు ఆ మాట అనకుండా ఎకసెక్కాలాడితిని. తప్పు నాదే. ఇప్పుడు పొగబెట్టిందీ నేనే. ఇస్తే తీసకపోతాం. నువ్వే పెట్టుకుంటానన్నా సరే. నా బిడ్డ కానుపైనప్పుడు ఒక్క చుక్క మాత్రం ఇప్పియ్యి."

పెద్దనాయన మొహం అదోలా అయింది. తల గోక్కున్నాడు. "చిన్నమ్మా, నీకొక మాట చెప్పల్ల. ఆ చీర పెండ్లోళ్ళు వచ్చి సూసి, ఈ మరకలేంది అన్నారు. నాకేం తోచలా. నువ్వు జెప్పిన మాటే జెప్పినా. తేనీగలే వచ్చి పసుపు పెట్టినాయి, ఇంతకంటే శుభం యాడుంటాది అని. వాళ్ళు చీర కండ్లకద్దుకోని తీసకపోయినారు."

"మరి ఇన్ని దినాలు నోరెత్తకపోతివేమిరా?"

"ఎట్ల జెప్పేది? అప్పటికే నీమింద అలిగింటి గదా!"

అవ్వ నవ్విన నవ్వుకు ఈగలు లేచిపోతాయేమోనని నాకు భయమేసింది. "తీసకపోండి. కానీ బిడ్డకు నాకించే పొద్దు నన్నూ పిలవల్ల" అన్నాడు పెద్దనాయన.

నాయన పెట్టెను కడిగి, పసుపంతా గీకి, ఎండలో పెట్టి, వాసన పోయిందో లేదో నాతో కూడా చూపించాడు. గుత్తి కింద గంప పట్టి కొమ్మ విదిలించాడు. రాణి పడిందో లేదో మళ్ళీ నా కళ్ళకే పని. పడింది. చిప్పలో చక్కెర నీళ్ళు పెట్టాడు. వారం రోజులు మేమంతా పెరట్లో గుసగుసగానే మాట్లాడాం. ఈగలు నిలిచాయి. ఆ తర్వాత అవ్వ ఉన్నన్నాళ్ళూ శుక్రవారం ధూపం నడిమింటి గడప దాటలేదు. పెరట్లో ఉన్న తులసమ్మకు కూడా సాంబ్రాణి కరువైంది. "తల్లి ఏమీ అనుకోదు లే, ఆమెకు తెలుసు" అనేది అవ్వ.

కార్తీకం పోయాక ఒక పొద్దున అత్తకు నొప్పులొచ్చాయి. ఎండ మునగచెట్టు మీదికి వచ్చేసరికి మగబిడ్డ. నాయన చట్రం ఎత్తి చూశాడు. రేగుపూల కాలం కాబట్టి తేనె చేరుతోంది గానీ కొంచెమే. ఒక మూల నాలుగు గదులకు మూత పడింది.

"వాటికే సాలదమ్మా" అన్నాడు.

"దోసుకోవద్దు. ఒక్క చుక్క సాలు. మిగతాది వాటిని తిననీ" అంది అవ్వ.

నాయన పోగులు లాగే సన్న సూది తెచ్చి ఒక్క మూత గుచ్చాడు. అవ్వ ఉంగరపు వేలి మీద ఒక్క చుక్క నిలిచింది. గోడ అవతల రాయి మీదెక్కి పెద్దనాయన చూస్తున్నాడు. అవ్వ ఆ వేలు పైకెత్తి పట్టుకుని పెరట్లోంచి ఇంట్లోకి నడుస్తుంటే, అమ్మ, నాయన, మంత్రసాని, అందరమూ పక్కకు తప్పుకుని దారి ఇచ్చాం. బిడ్డ నాలుకకు వేలు తాకింది. వాడు చప్పరించాడు. ఆ ఏడాది మా పెట్టెలోంచి మేము తీసిన తేనె అంతే.

మొన్న వచ్చిన మా మేనత్త కొడుకు వాడే. డాక్టరమ్మ మాటకు తలొగ్గి, సీసా మూత బిగించి, నా అలమరలో పై అరలో పెట్టాడు. బిడ్డకు ఏడాది నిండిన రోజున తీద్దామని. తొందరేముంది? మునుపు పూజ కోసం ఆగాం, ఇప్పుడు డాక్టరమ్మ కోసం ఆగుతాం. పోయేటప్పుడు గడప దగ్గర నిలబడి, "ఏమన్నా గానీ వదినా, ఆ చుక్క రుచి నాకింకా నాలిక మిందే ఉండాది" అన్నాడు.

పచ్చి అబద్ధం. పుట్టి గంట కాని వాడికి ఏం రుచి తెలుస్తుంది? నాకు మాత్రం తెలుసు. బిడ్డకు తాకించాక అవ్వ వేలి మీద ఇంకా కొంచెం తడి మిగిలింది. అందరూ బిడ్డ మీదికి వంగి ఉండగా అవ్వ వెనక్కి తిరిగి, గోడకు ఆనుకుని నిలబడ్డ నా నోట్లో ఆ వేలు పెట్టింది.

"రాణిని సూసింది నువ్వే గదే" అంది.